లక్ష గొర్రెల ఆసామి

గొర్రెలు కాసే మనిషికి కోపం పనికిరాదు. కోపమొచ్చి ఒక్క రాయి గట్టిగా విసిరితే మంద చెల్లాచెదురైపోతుంది, మళ్ళీ కూడేసుకునేసరికి పొద్దు వాలుతుంది. అందుకే కాటమరాజు యాభై ఏళ్ళ బతుకులో గొంతెత్తి అరిచింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అట్లాంటి మనిషి మొన్న మంగళవారం మార్కాపురంలో పది మంది మధ్య లేచి నిలబడి, ముక్కూమొహం తెలియని ఒక పెద్దమనిషిని దులిపేసినాడంటే, ఆ ఘనత అంతా ప్రకాశరావుదే.

కాటమరాజుది పుల్లలచెరువు అవతల అడివి అంచున ఒక పల్లె. నలభై గొర్రెలు, నాలుగు మేకలు, వానొస్తే కందులు పండే నేల చెక్క. ఒక్కతే కూతురు, కావ్య. పద్దెనిమిదేళ్ళది. ఇంటర్ పాసైంది. "చిన్నదో పెద్దదో ఒక ఉద్యోగం చూసుకుంటా నాయనా, అది చేసుకుంటానే డిగ్రీ కడతా" అన్నది. మార్కాపురంలో మేనత్త ఇంట్లో ఉండి, మొదటి ఉద్యోగానికి పిల్లల్ని తయారుచేసే క్లాసులంటే వాటికి నెల రోజులు పోయింది. దానికోసం కాటమరాజు రెండు పొట్టేళ్ళు అమ్మినాడు. క్లాసులు అయిపోయినాక ఒక పెద్ద బట్టల షాపులో బిల్లింగు పనికి ఇంటర్వ్యూకు పోయి, ఉత్తచేతులతో ఇంటికొచ్చింది. ఎందుకు రాలేదో చెప్పలేదు. ఆ రోజు నుంచి మూడు వారాలు తండ్రితో అన్నం తిన్నావా, నీళ్ళు పెట్టినావా అనే మాటలు తప్ప వేరే మాట లేదు.

ఇప్పుడు రెండో ఇంటర్వ్యూ. మార్కాపురంలోనే ఒక కళ్ళాసుపత్రిలో, రోగుల పేర్లు రాసుకుని చీటీలిచ్చే కౌంటర్లో పని. తండ్రీకూతుళ్ళు తెల్లారే బస్సెక్కి వచ్చినారు. పిల్ల లోపలికి పోయింది. కాటమరాజు ఆసుపత్రి ఎదురుగా సంతోషమ్మ టీ దుకాణంలో బల్ల మీద కూచున్నాడు.

అప్పుడు వచ్చినాడు ప్రకాశరావు. స్కూటరు స్టాండు వేస్తానే మొదలుపెట్టినాడు, టీ అడగడం కూడా తర్వాతే. నలభై అయిదేళ్ళుంటాయి. చొక్కా లోపలికి దోపి, జేబులో మూడు పెన్నులు, మెళ్ళో ఏదో కార్డు. ఆయన వెంటే కోటి అని ఒక పిల్లోడు, కృప అని ఒక పిల్ల. ఇద్దరూ ఈ ఏడే ఇంటర్ అయిపోయినోళ్ళు, కొత్త బ్యాచ్‌లో చేరాలా వద్దా అని అడగడానికి వచ్చినోళ్ళు. బల్లకు ఆ చివర గురవయ్య, పలకల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి మానుకున్న ముసలాయన, అప్పటికే రెండో టీలో ఉన్నాడు.

"ఒరే కోటీ, నిన్ను ఆ మొబైల్ షాపోళ్ళు ఎందుకు వద్దన్నారో చెప్పనా? నీ తప్పు కాదు. మీ అమ్మానాయనల తప్పు. ఈ పడమటి పల్లెల్లో అమ్మానాయనలుండారే, వాళ్ళే పిల్లల మెడకు గుదిబండలు. మాట్లాడ్డం నేర్పరు, నిలబడ్డం నేర్పరు, చెయ్యి కలపడం నేర్పరు. పేరడిగితే తల గోక్కుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి మీరు సగం చచ్చి వస్తారు. నేను ప్రాణం పోసి పంపిస్తా."

"ఎంతమందికి పోసినావు సారూ ప్రాణం?" అన్నాడు గురవయ్య.

"లెక్కెందుకు మామా, ఒక్క పిల్ల సంగతి చెప్తా విను. మొన్నటి బ్యాచ్. పుల్లలచెరువు అవతల నుంచి వచ్చింది. గొర్రెలోళ్ళ పిల్ల. కావ్య అని పేరు. పేరే అంత చక్కంగా ఉంది గానీ మనిషి నోట్లో నాలుక లేదు. 'నీ పేరేందమ్మా' అంటే తల వంచుకుని నేలకు చెప్పేది. నేలకు వినపడేదేమో గానీ నాకు వినపడేది కాదు."

కాటమరాజు చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఎడమ పక్కకు తిరిగి ఆ మనిషిని బాగా చూసినాడు. ఓహో, ఈయనేనా మా పిల్లకు చదువు చెప్పిన సారు అనుకున్నాడు. లేచి ఒక నమస్కారం పెడదామని తుండుగుడ్డ భుజం మీద నుంచి తీసినాడు కూడా. కానీ పదిమందిలో సారు మాట మధ్యలో లేవడం బాగుండదని ఆగినాడు. పిల్ల పేరు పట్నంలో ఒక పెద్దమనిషి నోట వినపడుతుంటే లోపల ఏదో చల్లగా ఉంది.

"పదిహేను రోజుల్లో ఆ పిల్ల నోరు తెరిపించినా" అన్నాడు ప్రకాశరావు.

"అది మంచిదే కదా" అన్నది సంతోషమ్మ, టీ వడపోస్తా.

"మంచిదేంది అక్కా, ఎట్ల తెరిపించినానో అడగవేంది? గదిలో కూచోబెట్టి మాట్లాడించేది అందరూ చేస్తారు. నేను కంభం చెరువుకు తీసకపోయినా. ఈ గట్టున నేను. ఆ గట్టున పిల్ల. మధ్యలో చెరువు నిండా నీళ్ళు. 'అక్కణ్ణించి నీ పేరు, ఊరు, చదువు చెప్పు. నాకు వినపడేదాకా ఇంటికి పోయేది లేదు' అన్నా. మొదటి రోజు ఏమీ వినపడలేదు. రెండో రోజు ఏదో దోమ కూసినట్లు వినపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయిదో రోజు ఆ పిల్ల 'గుడ్ మార్నింగ్ సార్' అన్నదీ, నీళ్ళ మీద అల లేచింది. ఆ అల ఈ గట్టుకొచ్చి నా ప్యాంటు తడిపింది. చెరువులో చేపలు పట్టేవాళ్ళు వలలు వదిలేసి 'గుడ్ మార్నింగ్' అన్నారు!"

"సారూ, ఆ గట్టున మనిషే కనపడడు గదా ఈ గట్టు నుంచి" అన్నాడు గురవయ్య.

"కనపడాల్సిన పనేముంది మామా, వినపడితే చాలు గదా! సరే, నోరొచ్చింది. తర్వాత చెయ్యి. ఇంటర్వ్యూలో చెయ్యి కలిపేటప్పుడే సగం ఉద్యోగం తేలిపోతుంది. మెత్తంగా కలిపితే మెత్తని మనిషి అనుకుంటారు. ఆ పిల్ల చేతిలో రోజుకొక పలక పెట్టినా. 'పిసుకు' అన్నా. మొదట విరగలేదు. నాలుగో రోజు విరిగింది. పదో రోజుకు పలక పిండయిపోయింది. ఆ పిండితోనే మా క్లాసు ముందర ముగ్గేసినాం."

"నలభై ఏళ్ళు పలకలు కోసినా నాయనా. మిషను కింద పెడితే కూడా పిండి కావడం చూళ్ళా."

"మిషనుకు నేను ట్రైనింగ్ ఇయ్యలేదు గదా మామా!"

కోటి పకాలున నవ్వినాడు. కృప నవ్వలేదు. ఆ పిల్ల ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, ఏది రాసుకోవాలో ఏది వద్దో తెలియక పెన్ను మూత తీస్తా పెడతా ఉంది. కాటమరాజు కూడా నవ్వినాడు ఒకపక్క పెదవితో. కోతలు ఆయనకు కొత్త కాదు. మందల దగ్గర రాత్రుళ్ళు ఇంతకంటే పెద్ద కోతలు విన్నాడు. తోడేళ్ళతో పాచికలాడినోళ్ళను చూసినాడు. కానీ వాటిల్లో సొంత బిడ్డ పేరు లేదు. అదొక్కటే ఎక్కడో నలుసులాగా గుచ్చుతా ఉంది. కంభం చెరువు గట్టుకు పోయినట్లు కావ్య ఎప్పుడూ చెప్పలేదే?

"ఇంక కంప్యూటరు. టైపింగ్. మూడు కీబోర్డులు కాలిపోయినాయి మామా, ఆ పిల్ల స్పీడుకు. పొగ వచ్చేది. నాలుగో దాని మీద తడిగుడ్డ పరిచి కొట్టించినా."

"గుడ్డ పరిస్తే అక్షరాలు ఎట్ల కనపడతాయి సార్?" అన్నది కృప.

"చూసి కొట్టేదాన్ని టైపింగ్ అంటారా? చూసి కొట్టేదాన్ని వెతుకులాట అంటారు. రాసుకో."

కృప రాసుకోలేదు. కోటి రాసుకున్నాడు.

"ఇప్పుడు అసలు సంగతికి వస్తన్నా. ఇంటర్వ్యూ. కోటీ, నీకు రేపు గిద్దలూరులో బండ్ల షోరూంలో ఇంటర్వ్యూ గదా? జాగ్రత్తగా విను. 'నాకు తెలీదు' అనే మాట నోట్లో నుంచి రాకూడదు. ఏమడిగినా వచ్చు అను. 'కారు రిపేరు వచ్చా?' వచ్చు. 'విమానం?' వచ్చు. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం. ఆ కావ్యకు ఇదే చెప్పినా. బిల్లింగు సాఫ్ట్‌వేరు వచ్చా అని అడిగినారంట. వచ్చు అన్నది. అట్ల ఉండాలి తెగువ!"

కోటి తలొంచుకుని 'తెలీదు అనకూడదు' అని పెద్ద అక్షరాలతో రాసుకుని కింద రెండు గీతలు కొట్టినాడు. కాటమరాజుకు చదువు అంతంతమాత్రం. అయినా ఆ రెండు గీతలు చూసినాడు. ఆయన ఇంట్లో మంచం కింద ఒక నోటుపుస్తకం ఉంది. అందులో కూడా కావ్య ఇట్లనే గీతలు కొట్టి ఉంది. మూడు వారాలుగా ఆ పుస్తకం ఆ పిల్ల ముట్టుకోలేదు.

"అన్నిటికంటే పెద్ద గండం ఏంది తెలుసా? ఒకటే ప్రశ్న. 'మీ నాయన ఏం చేస్తాడు?' అక్కడ కాలు జారుతారు మీరంతా. కూలికి పోతాడు సార్, బీడీలు చుడతాడు సార్ అని నిజం కక్కేస్తారు. కక్కినారా, అయిపోయింది. ఆ కావ్యకు చెప్పినా. 'గొర్రెలు అనే మాట ఎత్తితే ఆ ఏసీ షాపులో గొర్రె కంపు కొడుతుంది, నిన్ను గడప దాటనియ్యరు. మా నాయన బిజినెస్ చేస్తాడని చెప్పు' అన్నా. అద్దం ముందర నిలబెట్టి మూడు వందల సార్లు అనిపించినా. 'మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మ్యాన్.' మొదట అనలేదు. ఏడ్చింది. 'మా నాయన గొర్రెలు కాస్తాడు సార్, అట్ల చెప్తే తప్పేంది' అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవనీ అన్నా. నేను వదుల్తానా? ఏడుస్తానే అనిపించినా."

సంతోషమ్మ గిన్నె మీద నుంచి తలెత్తి చూసింది. గురవయ్య ఈసారి ఏమీ అనలేదు.

ఎందుకంటే ఇంతసేపూ ఆయన చెప్పిందాంట్లో ఈ ఒక్క ముక్కా కోత కాదని అక్కడున్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. అల లేచిందన్నప్పుడు, పలక పిండయిందన్నప్పుడు ప్రకాశరావు చేతులు ఊపినాడు, కళ్ళు పెద్దవి చేసినాడు. ఈ మాట మాత్రం మామూలుగా, దారిలో కుక్కను అదిలించిన సంగతి చెప్పినట్లు చెప్పినాడు.

కాటమరాజుకు చెవుల్లో రక్తం పొంగినట్లయింది. గ్లాసు బల్ల మీద పెట్టినాడు. పెట్టిన ఊపుకు టీ ఒలికింది. అద్దం ముందర నిలబడి ఏడుస్తున్న పిల్ల కనపడతా ఉంది ఆయనకు. చిన్నప్పుడు మేకపిల్ల చస్తే కూడా బయటికి ఏడవని పిల్ల.

"ఏడిస్తే ఏమైంది, పని జరిగింది గదా?" అని ప్రకాశరావు మళ్ళీ చేతులు ఊపడం మొదలుపెట్టినాడు. "ఇంటర్వ్యూ రోజు ఏడుగురు కూచున్నారు. ఏడుగురూ ఏడు ప్రశ్నలు ఒకేసారి అడిగినారు. ఈ పిల్ల ఏడింటికీ ఒకే వాక్యంలో జవాబు చెప్పింది. మేనేజరుకు చెమటలు పట్టినాయి. లేచి తన కుర్చీ ఈ పిల్లకు ఇచ్చి, తను వచ్చి అభ్యర్థులు కూచునే స్టూలు మీద కూచున్నాడు. ఇంక ఓనరుకు అనుమానం వచ్చింది. ఇంత తెలివైన పిల్లకు తండ్రి ఎంత గొప్పోడో చూద్దామని అప్పటికప్పుడు ఫోను కలిపినాడు."

ఆ ఫోను కాటమరాజుకు బాగా గుర్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం వాగు పక్కన గొర్రెలకు నీళ్ళు తాపుతున్నాడు. తెలియని నంబరు. "కావ్య ఫాదరేనా? మీరు ఏం బిజినెస్ చేస్తారండీ?" అని అడిగినాడొక మనిషి. కాటమరాజుకు నవ్వొచ్చింది. "బిజినెస్సా? మాకేం బిజినెస్ అయ్యా, గొర్రెలు కాసుకుంటాం" అన్నాడు. "సరే పెద్దాయనా" అని పెట్టేసినారు. సాయంత్రం కావ్య ఇంటికొస్తే సంతోషంగా చెప్పినాడు, నీ షాపోళ్ళు నాకు ఫోన్ చేసినారని. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అన్నం తినకుండా పడుకుంది. అప్పటి నుంచి కాటమరాజుకు ఒకటే ఆలోచన. నేను మొరటుగా మాట్లాడినా, అందుకే పిల్ల ఉద్యోగం పోయింది అని. మూడు వారాలు గొర్రెల వెనక తిరుగుతా, ఆ ఫోను మళ్ళీ వస్తే ఎట్ల మాట్లాడాలో లోపల్లోపల చెప్పుకున్నాడు. చెప్పండి సార్, నమస్కారం సార్ అని. ఈ పొద్దు బస్సు దిగంగానే ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ ఎవరన్నా చేస్తే నోరు జారుతానేమోనని.

"తండ్రి ఏమన్నాడు సార్?" అన్నాడు కోటి, ముందుకు వంగి.

"తండ్రికి కూడా నేనే ట్రైనింగ్ ఇచ్చినా గదరా! ముందే ఊహించినా, ఫోను వస్తుందని. లక్ష గొర్రెల ఆసామి అని చెప్పుకోమన్నా. 'హలో, స్పీకింగ్' అన్నాడు. అంతే, ఓనరు లేచి నిలబడినాడు. అరగంట ఇంగ్లీషు! మధ్యలో వెనక నుంచి గొర్రెలు బే అన్నాయి. తండ్రి ఫోను పక్కకు పెట్టి 'సైలెన్స్' అన్నాడు. లక్ష గొర్రెలూ గప్‌చుప్! ఒక్క గొర్రె మాత్రం 'ఎస్ సార్' అన్నది!"

కోటి బల్ల గుద్ది నవ్వినాడు. పక్క దుకాణంలోవాళ్ళు కూడా ఇటు తిరిగి చూసినారు. ప్రకాశరావుకు ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓనరు వాళ్ళ పెద్ద ఓనరుకు చెప్పినాడు. ఆయన అప్పుడు రైల్లో పోతన్నాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఆగని రైలు అది. ఆపించినారు! ఇరవై నిమిషాలు! కిటికీలో నుంచే ఆ పిల్ల చెయ్యి కలిపింది. పెద్ద ఓనరు వేళ్ళు ఊపుకుంటా ఉద్యోగం కాగితం చేతిలో పెట్టినాడు. గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టినాడు. ఇప్పుడు ఆ పిల్ల ఆ షాపులో మేనేజరు. నెలకెంతో తెలుసా? తండ్రి గొర్రెలన్నీ అమ్మేసి..."

"ఆ ఫోను ఎత్తింది నేను."

కాటమరాజు లేచి నిలబడి ఉన్నాడు. గొంతు పెద్దదేం కాదు. అడివిలో మందను మలిపే గొంతు, అరవకుండానే దూరం పోతుంది.

ప్రకాశరావు తిరిగి చూసినాడు. పంచె, తుండుగుడ్డ, దుమ్ముకొట్టుకున్న చెప్పులు. "ఎవరు పెద్దాయనా నువ్వు?"

"కావ్య నాయనను. లక్ష లేవు నాకు. నలభై ఉండాయి. నాకు ట్రైనింగ్ ఇచ్చినావంటివే, ఎప్పుడిచ్చినావు? నా మొహం ఎప్పుడు చూసినావు నువ్వు?"

స్టవ్వు మీద పాలు పొంగి బుస్సుమన్నాయి. సంతోషమ్మ దించలేదు.

"నా బిడ్డకు ఉద్యోగం రాలేదు. అబద్ధాలకోరని పంపించేసినారు. ఎందుకో మూడు వారాలు తెలియక చచ్చినా. నేనే ఏదో తప్పు మాట్లాడినాననుకుని అన్నం సయించలేదు నాకు. ఉన్నమాట చెప్పినా ఆ మనిషికి. ఉన్నమాట చెప్తే నా బిడ్డ దొంగయిపోయింది! ఎవరు చేసినారు దొంగను? చెప్పు. మూడు వందల సార్లు అద్దం ముందర నిలబెట్టి నేను తనకు నాయన కాదనిపించినావే, నీకు పిల్లలు లేరా?"

"అబ్బే, ఏదో పొరపాటు... బిజినెస్ అంటే, గొర్రెలు కూడా ఒక రకంగా..."

"కంపు అన్నావు గదా ఇప్పుడే! ఆ కంపు అమ్మితేనే నీ ఫీజు వచ్చింది. రెండు పొట్టేళ్ళు. వాటికి కంపు లేదా? తీసుకునేటప్పుడు ముక్కు మూసుకున్నావా?"

ప్రకాశరావు చుట్టూ చూసినాడు. కోటి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ప్రకాశరావు జేబులో పెన్నులు సర్దుకుని, గొంతు సవరించుకుని, నెమ్మదిగా నవ్వు మొహం పెట్టినాడు.

"పెద్దాయనా, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు పొరబడినావు. నేను చెప్పే కావ్య వేరు. ఆ పేరుతో ఊరికి పదిమంది ఉంటారు. నీ కూతుర్ని నేను ఈ జన్మలో చూళ్ళేదు. ఒట్టు."

"పుల్లలచెరువు అవతల గొర్రెలోళ్ళ కావ్యలు ఎంతమంది సారూ?" అన్నాడు గురవయ్య.

"ఉంటారు మామా! చాలామంది ఉంటారు! నేను చెప్పేది..."

ఆసుపత్రి గేటులో నుంచి కావ్య బయటికి వచ్చింది. చేతిలో సర్టిఫికెట్ల కవరు. రోడ్డు దాటి దుకాణం ముందరికి వచ్చి, బల్ల మీద కూచున్న మనిషిని చూసి ఆగిపోయింది. నెల రోజుల అలవాటు. అనుకోకుండానే రెండు చేతులూ లేచినాయి.

"నమస్తే సార్" అన్నది.

సంతోషమ్మ ఉండబట్టలేక నవ్వింది. గురవయ్య టీ గొంతుకు అడ్డంపడి దగ్గినాడు. కాటమరాజు మాత్రం నవ్వలేదు. ఆయన ప్రకాశరావు మొహంలోకే చూస్తా ఉన్నాడు.

కానీ కోతరాయుళ్ళకు సిగ్గు అనేది పచ్చబొట్టు కాదు, ఎప్పుడంటే అప్పుడు తుడిచేసుకుంటారు. ప్రకాశరావు ఒక్క క్షణంలో లేచి, చేతులు చాపి, దుకాణమంతా వినపడేటట్లు "చూసినారా! నేను తయారుచేసిన పిల్ల! ఆ నడక చూడండి, ఆ నమస్కారం చూడండి! ఏమ్మా కావ్యా, ఇంటర్వ్యూ అయిందా? నేను నేర్పింది నేర్పినట్లు చెప్పినావా లేదా? చెప్పు, వీళ్ళకు చెప్పు!" అన్నాడు.

కావ్య తండ్రి మొహం చూసింది. ఒలికిన టీ చూసింది. కోటి ఒళ్ళో పుస్తకంలో రెండు గీతలు చూసింది. ఏం జరిగిందో ఆ పిల్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"లేదు సార్" అన్నది. "మీరు నేర్పింది ఒక్కటీ చెప్పలేదు. కంప్యూటరు ఎంత వచ్చు అని అడిగినారు. నిదానంగా కొడతా, నేర్పితే నేర్చుకుంటా అన్నా. ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. కొంచెమే వచ్చు, అర్థమవుతుంది గానీ గబగబా రాదు అన్నా. ఆ మాట తల వంచుకునే చెప్పినా సార్, మీరు చూసుంటే తిట్టుండేవాళ్ళు."

"మరి? ఏమన్నారు?" కృప లేచి దగ్గరికొచ్చింది.

"ఏమీ అనలేదు. కౌంటరు దగ్గరికి తీసకపోయి, అక్కడ నిలబడున్న ఒక అవ్వను చూపించి ఈమె పేరు, వయసు, ఊరు రాయమన్నారు. అవ్వకు వయసు తెలీదు. కళ్ళు కనపడవు, భయపడిపోతా ఉంది. నాకంటే ముందు ఇంటర్వ్యూకు పోయిన అమ్మాయి నాలుగుసార్లు వయసెంత వయసెంత అని గట్టిగా అడిగిందంట. నేను 'అవ్వా, నువ్వు కాపురానికి వచ్చేటప్పటికి మీ ఊళ్ళో కరెంటు ఉందా' అని అడిగినా. లేదు, నా పెద్దోడు నడిచేటప్పుడు వచ్చింది అన్నది. మా ముసలి జేజిని అడిగినట్లే అడిగినా. పెద్దోడికి ఇప్పుడు ఎంతమంది మనవళ్ళని అడిగి, లెక్కేసి డెబ్భై రెండు అని రాసినా. అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు." కావ్య ఊపిరి పీల్చుకుంది. "సోమవారం నుంచి రమ్మన్నారు. మూడు నెలలు చూస్తామన్నారు."

ప్రకాశరావు చాపిన చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. వాటినేం చెయ్యాలో తెలియక వాచీ చూసుకున్నాడు. "క్లాసుకు టైమయింది" అన్నాడు. స్కూటరు నాలుగు తన్నులకు గానీ లేవలేదు. ఆ నాలుగు తన్నులూ దుకాణమంతా లెక్కపెట్టింది.

"సార్, రేపు నాకు..." అని కోటి సగం లేచినాడు. గురవయ్య వాడి భుజం మీద చెయ్యేసి కూచోబెట్టినాడు. "రేపు పోయి, తెలిసింది తెలుసని చెప్పు, తెలియంది తెలీదని చెప్పురా అబ్బాయా. పోతే పోయింది." కోటి పుస్తకంలో ఆ పేజీ చింపలేదు. కాసేపు దాన్నే చూసి, 'అనకూడదు'లో 'కూడదు' కొట్టేసి 'వచ్చు' అని రాసుకున్నాడు.

కాటమరాజు కోపం దిగలేదు. స్కూటరు పోయిన దిక్కే చూస్తా నిలబడినాడు. తర్వాత అదే కోపంతో కూతురి మీదికి తిరిగినాడు.

"మూడు వారాలమ్మా! ఒక్క మాట చెప్పొద్దా నాకు? నా వల్లే పోయిందనుకుని కుమిలిపోయినా. నేనేం పరాయోణ్ణా?"

కావ్య మొహం దించుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి గానీ కింద పడనియ్యలేదు. "ఏమని చెప్పేది నాయనా. నిన్ను దాచిపెట్టినానని నీకే చెప్పేదా? నువ్వు ఫోన్ వచ్చిందని నవ్వుతా చెప్తివి. నీ మొహం చూడలేకపోయినా."

సంతోషమ్మ పొంగిపోయిన పాలగిన్నె దించి, అడక్కుండానే రెండు టీలు పోసి వాళ్ళ ముందర పెట్టింది. తండ్రి తాగలేదు. ఇంకొకటి అడగాలి, అడగడానికి భయంగా ఉంది. చివరికి ఆసుపత్రి వైపు చూస్తా, ఎవరినో అడిగినట్లు అడిగినాడు.

"ఇక్కడ అడిగినారా? మీ నాయన ఏం చేస్తాడని?"

"అడిగినారు."

"ఏం చెప్పినావు?"

"గొర్రెలు కాస్తాడని చెప్పినా. ఎదురుగా టీ దుకాణంలో కూచోనున్నాడు, చూస్తారా, పిల్చుకొస్తా అన్నా."